లింకన్ కొటేషన్లు: ఏవి ఆయనవి, ఏవి కావు, ఎస్సేలో ఎలా వాడాలి

మీరు పెట్టిన జాబితా మొత్తం చదివాను. గ్రూప్‌-1 మెయిన్స్ జనరల్ ఎస్సే కోసం అబ్రహం లింకన్ మాటలు నలభై దాకా పోగేశారు. వ్యక్తిత్వం, స్వేచ్ఛ, పట్టుదల అని మూడు భాగాలు చేశారు. వీటిలో బట్టీ పట్టదగ్గవి పది ఏరి ఇమ్మన్నారు. ఏరి చూస్తే సగానికి పైగా ఆయన అన్న మాటలే కావు. మిగతావి ఆయనవే, కానీ ఎప్పుడు, ఎవరితో, ఎందుకన్నాడో మీ జాబితాలో లేదు. అది లేకుండా వాడితే పేజీ నిండుతుంది కానీ మార్కు పెరగదు. అందుకే పది ఇవ్వను. కొన్నే ఇస్తాను, వాటి వెనకున్న సంగతితో సహా.

నేను హైదరాబాద్‌లో అశోక్‌నగర్, చిక్కడపల్లి కోచింగ్ పిల్లల ఎస్సేలు చాలా ఏళ్లుగా దిద్దుతున్నాను. అక్కడి జిరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్ చేసిన కొటేషన్ల పుస్తకాలు దొరుకుతాయి. మీ జాబితాకీ మూలం అలాంటిదే అనిపిస్తోంది, అవే తప్పులున్నాయి. ‘నైతికత - పాలన’ అని టాపిక్ ఇస్తే, ఒక కట్టలో పేపర్ తర్వాత పేపర్ ఇదే వాక్యంతో మొదలవుతుంది: ‘కష్టాలను దాదాపు అందరూ తట్టుకుంటారు, మనిషి అసలు స్వభావం తెలియాలంటే అధికారం ఇచ్చి చూడు - లింకన్’. మూడో పేపర్‌కే దిద్దేవాడికి విసుగొస్తుంది. పైగా అది లింకన్ అన్నదే కాదు. ఆయన చనిపోయాక రాబర్ట్ ఇంగర్‌సోల్ అనే పెద్ద వక్త, లింకన్‌ని పొగుడుతూ అన్న మాట. దాదాపు అడ్డూ అదుపూ లేని అధికారం చేతికొచ్చినా, దయ చూపడానికి తప్ప దాన్ని దుర్వినియోగం చేయలేదన్నది ఇంగర్‌సోల్ ఇచ్చిన కితాబు. పొగిడినవాడి మాట పోయి పొగిడించుకున్నవాడి నోట్లో పడింది. ‘లింకన్ గురించి ఇంగర్‌సోల్ ఇలా అన్నాడు’ అని రాయండి, అప్పుడు అదే వాక్యం మిగతా పేపర్ల నుంచి మిమ్మల్ని వేరు చేస్తుంది.

జాబితాలోంచి కొట్టేయాల్సినవి త్వరగా చెప్పేస్తాను. చెట్టు కొట్టడానికి ఆరు గంటలిస్తే నాలుగు గంటలు గొడ్డలి పదును పెట్టుకుంటానన్నది ఆయనదని చెప్పే ఆధారం లేదు. ‘భవిష్యత్తును ఊహించడానికి మంచి మార్గం దాన్ని సృష్టించడమే’ కూడా ఆయనది కాదు. ‘బలవంతుణ్ణి బలహీనపరిచి బలహీనుణ్ణి బలపరచలేవు’ అన్నది విలియం బోట్కర్ అనే మతబోధకుడిది, లింకన్ పోయిన ఎన్నో ఏళ్లకు వచ్చింది. ‘అందర్నీ ఎల్లకాలం మోసం చేయలేవు’ అన్నది వినడానికి బాగుంటుంది కానీ, ఆయన బతికున్న రోజుల్లో అన్నట్టు నమ్మదగిన రుజువు లేదు.

ఇక కొడుకు టీచర్‌కి లింకన్ రాసిన లేఖ. ఇది తీసేయమంటే చాలామందికి కోపం వస్తుంది, నాకు తెలుసు. మన స్కూళ్లలో స్టాఫ్‌రూమ్ గోడలమీద ఫ్రేము కట్టి ఉంటుంది, ఏటా సెప్టెంబర్ 5 రాగానే వాట్సాప్ గ్రూపులన్నీ తిరుగుతుంది. ‘ఓడిపోవడం ఎలాగో వాడికి నేర్పండి’ లాంటి వాక్యాలు మంచివే, కాదనను. కానీ లింకన్ పత్రాల్లో అలాంటి ఉత్తరం ఎక్కడా లేదు. లేని ఉత్తరానికి ఆయన పేరు తగిలించి పరీక్షలో రాయడం మాత్రం వద్దు. ఆయన కుర్రాళ్లకు నిజంగా రాసిన ఉత్తరాలు ఇంతకన్నా బాగుంటాయి. వాటి దగ్గరికే వస్తున్నాను.

అంతకుముందు ఇంకొకటి. ‘వ్యాపారంలో ఓటమి, ఎన్నికల్లో ఓటమి, మళ్లీ ఓటమి, మళ్లీ ఓటమి, చివరికి అధ్యక్షుడు’ అనే పట్టిక మీరూ ఎక్కించారు. ఇది మసిపూసి మారేడుకాయ చేసిన పట్టిక. ఓటములు చాలావరకు నిజమే. 1832లో ఇల్లినాయ్ శాసనసభకు ఓడిపోయాడు. అయితే 1834లో గెలిచాడు, 1836, 1838, 1840లో కూడా గెలిచాడు, 1846లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు. పట్టిక చేసినవాళ్లు గెలుపుల్లో చాలావాటిని తీసేశారు. చరిత్ర చదివిన వాల్యుయేటర్ దగ్గర ఇది రాస్తే అసలుకే మోసం. అదీకాక, ఊరికే ఓడి ఓడి ఒకరోజు లాటరీ తగిలినట్టు గెలిచిన మనిషి కాదాయన. ఒక్కో ఓటమి తర్వాత ఏం చేశాడన్నది చూస్తేనే పట్టుదల అనే మాటకు బరువొస్తుంది.

1855 చూడండి. లింకన్ అమెరికా పార్లమెంటులో ఎగువ సభ అయిన సెనేట్‌కు పోటీ చేశాడు. అప్పట్లో సెనేటర్లను రాష్ట్ర శాసనసభలే ఎన్నుకునేవి. మొదటి రౌండ్‌లో లింకన్‌కి 44 ఓట్లు వచ్చాయి, లైమన్ ట్రంబుల్‌కి 5 ఓట్లు. గెలవడానికి లింకన్‌కి కొద్ది ఓట్లే తక్కువ పడ్డాయి. రౌండ్లు గడిచేకొద్దీ, కొత్త ప్రాంతాలకు బానిసత్వం విస్తరించడాన్ని అడ్డుకోని అభ్యర్థి గెలిచేట్టు కనిపించాడు. అప్పుడు లింకన్ తన మద్దతుదారుల్ని, తనలాగే ఆ విస్తరణను వ్యతిరేకించే ట్రంబుల్‌కి ఓటేయమన్నాడు. 44 ఓట్లతో మొదలైనవాడు 5 ఓట్లతో మొదలైనవాడికి సీటు వదిలేశాడు. పదో రౌండ్‌లో ట్రంబుల్ గెలిచాడు. ‘వ్యక్తిత్వం’ కింద మీరు రాసుకున్న డజను వాక్యాల కన్నా ఈ ఒక్క సంఘటన ఎక్కువ పనిచేస్తుంది. ఇందులో కొటేషనే లేదు, గమనించండి.

మూడేళ్ల తర్వాత మళ్లీ సెనేట్. ఈసారి ప్రత్యర్థి స్టీఫెన్ డగ్లస్‌తో ఊరూరా తిరిగి వాదించి, మళ్లీ ఓడిపోయాడు. ఆ ఓటమి తర్వాత 1858 నవంబర్ 19న హెన్రీ ఆస్బరీ అనే స్నేహితుడికి ఉత్తరం రాశాడు. పోరాటం ఆగకూడదు, పౌరస్వేచ్ఛ అనే లక్ష్యాన్ని ఒక ఓటమితోనే కాదు, నూరు ఓటములతో కూడా వదిలేయకూడదు అన్నది అందులోని మాట. మీ మూడు భాగాల్లో రెండింటికి, స్వేచ్ఛకీ పట్టుదలకీ, ఈ ఒక్క వాక్యం సరిపోతుంది. (సరిగ్గా ఐదేళ్లకు అదే తేదీన గెటీస్‌బర్గ్‌లో మాట్లాడాడు. ప్రజల చేత, ప్రజల కొరకు అని అందరికీ నోటికొచ్చిన ఆ ప్రసంగం గురించి ఇక్కడ కొత్తగా చెప్పేదేమీ లేదు. హాల్లో కూర్చున్న ప్రతివాడూ అది రాస్తాడు, మీరు రాయకండి.)

ఇప్పుడు కుర్రాళ్లకు రాసిన ఉత్తరాలు. మీ ప్రశ్న చివర, రెండుసార్లు మెయిన్స్ దాకా వెళ్లి ఆగిపోయానని, ఇంట్లో ఇంక చాలంటున్నారని ఒక లైన్ రాశారు. అందుకే ఈ భాగం కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

1860 జూలై. లింకన్ అప్పటికి రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి. నాలుగు నెలల్లో ఎన్నిక. ఎంత టెన్షన్‌లో ఉండి ఉంటాడో ఊహించుకోండి. పెద్దకొడుకు రాబర్ట్ నుంచి ఉత్తరం వచ్చింది, తన స్నేహితుడు జార్జ్ లాథమ్ హార్వర్డ్ ఎంట్రన్స్‌లో ఫెయిలయ్యాడని. మర్నాడే, జూలై 22న, లింకన్ ఆ అబ్బాయికి స్వయంగా రాశాడు. ఈ వార్త విన్నంత బాధ నా జీవితంలో ఎప్పుడో గానీ పడలేదు అని మొదలుపెట్టి, అయినా నువ్వు నిరుత్సాహాన్ని దగ్గరికి రానివ్వకపోతే ఇందులో పెద్దగా ఏమీ లేదు అన్నాడు. ప్రయత్నం మొదలుపెట్టావు కనుక సాధించి తీరాలి అన్నాడు. ఈ తాత్కాలికమైన ఓటమిని బట్టి, సులువుగా సీటొచ్చిన చాలామంది కన్నా నువ్వు మెరుగైన చదువరివి కాలేవని ఎవరూ చెప్పలేరు అన్నాడు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నాకు నచ్చింది ఆ తర్వాతి ముక్క. ఆ కాలేజీ అధ్యక్షుడు మంచివాడే అయ్యుంటాడు, వెళ్లి కలువు, నీకు అడ్డొచ్చినవేమిటో, వాటిని దాటే దగ్గరి దారేమిటో ఆయన చెప్తాడు అని సలహా ఇచ్చాడు. అంటే ‘ధైర్యంగా ఉండు’ అని భుజం తట్టి ఊరుకోలేదు. తప్పు ఎక్కడ జరిగిందో తెలిసినవాణ్ణి అడిగి తెలుసుకోమన్నాడు. ముందు ఏడాది రాబర్టే అదే ఎంట్రన్స్‌లో ఫెయిలై, ఫిలిప్స్ ఎక్సెటర్ అనే స్కూల్లో ఏడాది చదివి హార్వర్డ్‌లో చేరాడు. లాథమ్ కూడా ఆ స్కూల్లో అతనితో చదివినవాడే. కాబట్టి ఆ ఉత్తరం రాసిన మనిషికి ఇంట్లో ఫెయిలైన కొడుకుంటే ఎలా ఉంటుందో తెలుసు.

రెండో ఉత్తరం 1862 జూన్ 28ది. అప్పటికి అధ్యక్షుడు, అంతర్యుద్ధం నడుస్తోంది. ఆ వారమే తిరుగుబాటు చేసిన దక్షిణాది రాష్ట్రాల రాజధాని రిచ్‌మండ్ దగ్గర వరసగా ఏడు రోజులు యుద్ధం జరిగి, లింకన్ వైపున్న ఉత్తరాది సైన్యం వెనక్కి తగ్గింది. ఆ మధ్యలో, వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీలో కొత్తగా చేరి దిగులు పడుతున్న క్వింటిన్ కాంప్‌బెల్ అనే బంధువుల అబ్బాయికి కొద్ది వాక్యాల ఉత్తరం రాశాడు. నీకన్నా పెద్దవాణ్ణి, నాకూ ఇలాంటి దిగులు తెలుసు, పట్టుకున్న సంకల్పాన్ని వదలకపోతే త్వరలోనే కుదుటపడతావు. మధ్యలో వదిలేస్తే ఏ నిర్ణయం మీదైనా నిలబడే శక్తి పోతుంది, జీవితాంతం బాధపడతావు. ఇదీ సారం. యుద్ధం ఓడిపోతున్న వారంలో రాశాడని ఒక్క ముక్క కలిపితే చాలు, ఎస్సేలో ఆ మాట నిలబడుతుంది.

మీ విషయానికి వస్తే, ఈ ఉత్తరాలు చూపించి ‘ఇంకోసారి రాసెయ్’ అనను. డబ్బు సంగతి, ఇంటి సంగతి మీకే తెలుసు. లాథమ్‌కి ఇచ్చిన సలహాలో రెండో సగం మాత్రం పాటించండి. గత రెండుసార్ల మార్కుల మెమోలు ముందేసుకుని, ఏ పేపర్ ముంచిందో చూడండి. మీరు చెప్పిన దాన్ని బట్టి ఎస్సేలోనే తేడా కొట్టింది. అదే అయితే నాలుగు నెలల్లో బాగుపడే విషయమది, తమ్ముడూ. ఎకానమీలోనో సైన్స్‌లోనో పోయుంటే లెక్క వేరేగా ఉండేది.

వ్యక్తిత్వం దగ్గరికి వద్దాం. లింకన్ వృత్తి లాయర్. 1850 ప్రాంతంలో కుర్ర లాయర్ల కోసం రాసిపెట్టుకున్న నోట్స్ ఉన్నాయి. కోర్టు కేసుల్ని ప్రోత్సహించకు, ఇరుగుపొరుగును రాజీకి ఒప్పించు, కాగితం మీద గెలిచినవాడు ఫీజులు, ఖర్చులు, పోయిన కాలం లెక్కేసుకుంటే ఓడినట్టే ఎన్నిసార్లు ఉంటుందో వాళ్లకు చెప్పు అంటాడు. సిటీ సివిల్ కోర్టు చుట్టూ వాటా తగాదాతో తిరిగిన ఏ కుటుంబాన్ని అడిగినా ఇదే చెప్తుంది. చివర్లో ఇంకా సూటిగా అంటాడు: నిజాయితీపరుడైన లాయర్‌వి కాలేనని నీకే అనిపిస్తే, లాయర్ కాకుండానే నిజాయితీగా ఉండు. ‘లాయర్’ ఉన్నచోట మీరు ‘అధికారి’ అని ఊహించుకోండి. గ్రూప్‌-1 రాసేవాడికి ఇంతకన్నా దగ్గరి మాట లేదు.

కుర్రతనంలో ఆయన భాగస్వామిగా నడిపిన కిరాణా కొట్టు దివాళా తీసింది. భాగస్వామి చనిపోతే అప్పంతా తన నెత్తినేసుకుని ఏళ్ల తరబడి తీర్చాడు. దానికి సరదాగా ‘జాతీయ రుణం’ అని పేరు పెట్టుకున్నాడు. ఇది కూడా వాడుకోవచ్చు, ఒక వాక్యంలో.

నన్నడిగితే వ్యక్తిత్వానికి అన్నిటికన్నా గట్టి ఉదాహరణ 1864 ఆగస్టు 23. యుద్ధం సాగుతూనే ఉంది, జనం విసిగిపోయారు, రెండోసారి గెలవడని సొంత పార్టీవాళ్లే అనుకుంటున్నారు. ఆయనకూ అలాగే అనిపించింది. ఒక కాగితం మీద ఇలా రాశాడు: ఈ ప్రభుత్వం తిరిగి ఎన్నిక కాకపోవడమే జరిగేట్టుంది, అప్పుడు కొత్త అధ్యక్షుడితో సహకరించి, ఆయన పదవిలోకి వచ్చేలోపు దేశ ఐక్యతను కాపాడటం నా బాధ్యత. కాగితం మడిచి మంత్రులందరి చేతా వెనకవైపు సంతకాలు పెట్టించాడు. లోపల ఏముందో ఎవరికీ చూపలేదు. ఎన్నిక వాయిదా వేద్దామన్న ఆలోచన లేదు, ఓడితే కుర్చీ ఖాళీ చేయనన్న బెదిరింపు లేదు. పది రోజుల్లో అట్లాంటా నగరం ఉత్తరాది సైన్యం చేతికి రావడంతో గాలి మళ్లింది, నవంబర్‌లో ఆయనే గెలిచాడు. ప్రజాస్వామ్యం, అధికార మార్పిడి, రాజకీయ నైతికత లాంటి ఏ టాపిక్‌లోనైనా ఇది రాయొచ్చు. ఇప్పటిదాకా నేను దిద్దిన పేపర్లలో ఇది ఎవరూ రాయలేదు.

స్వేచ్ఛ మీద రెండు మాటలు చాలు. ఒకటి, 1859 ఏప్రిల్‌లో బోస్టన్‌లో జరిగే జెఫర్సన్ జయంతి సభకు రాలేనని హెన్రీ పియర్స్‌కు రాసిన ఉత్తరంలోది: ఇతరులకు స్వేచ్ఛ లేకుండా చేసేవాళ్లు తాము స్వేచ్ఛకు అర్హులు కారు, న్యాయవంతుడైన దేవుడి పాలనలో దాన్ని ఎక్కువకాలం నిలుపుకోలేరు కూడా. రెండోది తేదీ లేని చిన్న చీటీలో ఉంది: బానిసగా ఉండటానికి నేను ఎలా ఒప్పుకోనో, యజమానిగా ఉండటానికీ అలాగే ఒప్పుకోను, ప్రజాస్వామ్యం అంటే నా ఉద్దేశం ఇదీ.

ఇవి రాసేటప్పుడు ఆయన్ని దేవుణ్ణి చేయకండి. 1858 సెప్టెంబర్‌లో ఇల్లినాయ్‌లోని చార్ల్స్‌టన్ అనే ఊళ్లో డగ్లస్‌తో వాదిస్తూ, తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ సామాజిక, రాజకీయ సమానత్వం తన ఉద్దేశం కాదని బహిరంగంగా అన్నాడు. 1863 జనవరి 1 నాటి బానిస విముక్తి ప్రకటన కూడా తిరుగుబాటు ప్రాంతాలకే వర్తించింది, దేశమంతటా బానిసత్వం రద్దయింది 1865 డిసెంబర్‌లో ఆమోదం పొందిన 13వ సవరణతో. 1864లో ఆల్బర్ట్ హాడ్జెస్‌కు రాసిన ఉత్తరంలో ఆయనే ఒప్పుకున్నాడు, సంఘటనల్ని నేను నడిపించానని చెప్పుకోను, అవే నన్ను నడిపించాయి అని. అదే ఉత్తరంలో, బానిసత్వం తప్పు కాకపోతే లోకంలో తప్పన్నదే లేదనీ అన్నాడు. రెండూ పక్కపక్కన పెట్టి రాస్తే మీరు ఆలోచించే మనిషని వాల్యుయేటర్‌కి తెలుస్తుంది. పొగడ్తలు ఎవరైనా రాస్తారు.

ఇంకో సంగతి. స్వేచ్ఛ అనగానే అమెరికా దాకా వెళ్లి అక్కడే ఆగిపోవద్దు. పియర్స్ ఉత్తరంలోని మాట రాశాక, హైదరాబాద్‌లోనే ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక నడిపిన షోయబుల్లాఖాన్ గురించి రెండు వాక్యాలు కలపండి. హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలవాలని, రజాకార్లు చేసేది తప్పని రాసినందుకు 1948 ఆగస్టులో కాచిగూడ ప్రాంతంలో చంపేశారు. నెల తిరక్కుండానే, సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. స్వేచ్ఛను తొక్కినవాళ్లు దాన్ని ఎక్కువకాలం నిలుపుకోలేరన్న మాటకు మన ఊళ్లోనే సాక్ష్యం ఉన్నప్పుడు వాడకపోవడం ఎందుకు? తెలంగాణ చరిత్ర ఎటూ చదువుతున్నారు, అది ఎస్సేలోనూ కనిపించాలి.

ఇక వాడే పద్ధతి. ఎస్సేకి ఒకటి, మహా అయితే రెండు. మొదటి లైన్‌లో వద్దు, మీ వాదన మొదలయ్యాక ఎక్కడ బలం కావాలో అక్కడ పెట్టండి. ముందు సందర్భం, తర్వాత మాట, ఆ వెంటనే మన దేశంలోంచి ఉదాహరణ. పెద్దక్షరాల్లో రాసి, బాక్స్ గీసి, కింద గీత గీయడం మానేయండి. తెలుగు మీడియం కదా, కొటేషన్ ఇంగ్లిష్‌లోనే రాయాలా అని అడిగారు. అక్కర్లేదు. కొటేషన్ గుర్తులు లేకుండా, ‘1858లో ఓడిపోయాక లింకన్ ఒక స్నేహితుడికి ఇలా రాశాడు’ అని మొదలుపెట్టి సారం మీ మాటల్లో చెప్పండి. బట్టీ పట్టే పని తప్పుతుంది, పరీక్షలో ఒక పదం మర్చిపోయానని ఆగిపోవడమూ ఉండదు.

ఎక్కడైనా కొత్త లింకన్ మాట కనబడితే, రాయ్ బాస్లర్ సంపాదకత్వంలో వచ్చిన ఆయన రచనల సంపుటాలు మిషిగన్ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, ఇంగ్లిష్ పదాలు కొట్టి వెతకొచ్చు. తేదీ, ఎవరికి రాశాడన్నది అక్కడ దొరికితే వాడండి. దొరక్కపోతే వదిలేయండి, రాత్రంతా దాని వెంట పడకండి.

ఆదివారం లోపు ‘ఓటమిని ఎదుర్కోవడంలో వ్యక్తి, సమాజం’ అన్న టాపిక్ మీద ఒక ఎస్సే రాసి ఇక్కడే పెట్టండి. గంట టైమ్ పెట్టుకుని, చేత్తో రాసి ఫోటో తీయండి, టైప్ చేయొద్దు. లాథమ్ ఉత్తరం వాడతారో 1864 కాగితం వాడతారో మీ ఇష్టం, రెండూ మాత్రం వద్దు.